డుమస్ బురదలో నడిచే చేప



మా నాయన వరంగల్ జిల్లా నుంచి సూరత్‌కు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి వచ్చిన మనిషి. లింబాయత్‌లో మా ఇల్లు. మగ్గాల ఖాతాకు సెలవు దొరికిన రోజు పొద్దున్నే నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని చేపల బజారుకు తీసుకుపోయేవాడు. నాకు ఏడెనిమిదేళ్లుంటాయి. అక్కడ చేపలమ్మే ఒక మాఛణ్ ముందు అల్యూమినియం తట్టలో బురద రంగు చేపలు కుప్పగా ఉండేవి. జానెడు పొడవు. ఒళ్లంతా జిగట. తల మీద రెండు కళ్లు ఉబ్బెత్తుగా, కప్ప కళ్లలా. ఇక్కడివాళ్లు వాటిని లెవ్టా అంటారు. ఆ రోజు వాటిలో ఒకటి తట్ట అంచు దాటి దూకింది. తడి నేల మీద పడింది. అన్ని చేపల్లా కొట్టుకుంటుందనుకున్నాను. కొట్టుకోలేదు. ముందు రెక్కలు రెండూ నేలకు ఆనించి, ఒళ్లు పైకి లేపి, ఒక అడుగు వేసింది. మళ్లీ ఒకటి. అలా మోరీ దాకా నడిచి ఆగింది. ఒక కన్ను లోపలికి మునిగి మళ్లీ పైకి తేలింది.

మా నాయన నా భుజం మీద చెయ్యి వేసి, "చూడు బిడ్డా, చేపకు చేతులొచ్చినయి" అన్నాడు.

ఆయన బడికి పోయింది మూడో తరగతి దాకానే. కానీ ఆ మాటలో ఉన్న ప్రశ్న చిన్నది కాదు. చేపకు చేతులు ఎలా వస్తాయి? సముద్రంలో మొదలైన వెన్నెముక జంతువు నేల మీదికి ఎలా ఎక్కింది? ప్రపంచంలో చాలా ప్రయోగశాలలు ఇప్పటికీ ఈ ప్రశ్న మీద పని చేస్తూనే ఉన్నాయి. నేను తరవాత సైన్సు పంతులునయ్యాను. సూరత్ నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బళ్లు నడుపుతుంది కదా, ఆ పిల్లలను వెంటబెట్టుకుని డుమస్ తీరానికి ఎన్నోసార్లు వెళ్లాను. ఈరోజు ఆ చేప గురించే మీతో మాట్లాడతాను.

ముందు అది బతికే చోటు సంగతి. మన సూరత్‌ను ఆనుకుని ఉన్నది ఖంభాత్ సింధుశాఖ. దాని ఆకారం గరాటు లాంటిది. నోరు వెడల్పు, లోపలికి పోయిన కొద్దీ ఇరుకు. పోటు వేళ సముద్రపు నీరు ఆ గరాటులో దూరి, పక్కలకు పోవడానికి చోటు లేక, ఎత్తు పెరుగుతుంది. భారతదేశ తీరంలో అన్నిటికన్నా పెద్ద పోటు ఇక్కడే. అవతలి ఒడ్డున భావ్‌నగర్ దగ్గర నీరు పది మీటర్లకు పైగా లేచి దిగుతుంది. పైగా నర్మద, తాపి, మహి, సాబర్మతి నదులు నాలుగూ తెచ్చిన ఒండ్రు అంతా ఈ సింధుశాఖలోనే చేరుతుంది. మన పాఠాల్లో తపతి అని చదువుకున్న నదే ఈ తాపి. ఆ ఒండ్రు, ఆ పోటు కలిసి హజీరా, డుమస్, ఓల్పాడ్ తీరాల్లో బురద మైదానాలను తయారు చేశాయి. రోజుకు రెండుసార్లు అవి సముద్రం, రెండుసార్లు నేల. అక్కడ ఉండదలచిన జీవి రెండు లోకాల్లోనూ బతకడం నేర్చుకోవాలి. లెవ్టా నేర్చుకున్నది.

శాస్త్రంలో దాని పేరు బోలియోఫ్తాల్మస్ డుస్సుమియరి. 1837లో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు వలాంసియెన్ పెట్టిన పేరు. డుస్సుమియే అనే ఓడ వర్తకుడు మన సముద్రాల్లో తిరుగుతూ చేపలను సేకరించి పారిస్‌కు చేర్చేవాడు, ఆయన గుర్తుగా ఆ పేరు. ఇంగ్లీషులో ఈ కుటుంబం మొత్తాన్ని మడ్‌స్కిప్పర్లు అంటారు, అంటే బురద మీద గెంతేవి. మన గోదావరి ఇసుకదొందులు తిన్నవాళ్లకు చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. లెవ్టా వాటికి దూరపు చుట్టమే. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో చెక్క వంతెన మీద నడిచిన వాళ్లు కింద బురదలో గెంతుతున్న చిన్న చేపలను చూసే ఉంటారు. అవీ ఈ కుటుంబానివే.

కువైట్‌లో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల వాళ్లకు కూడా ఈ చేప పొరుగుదే. కువైట్ తీరపు బురదనేలల్లో 1980లలో డేవిడ్ క్లేటన్ అనే పరిశోధకుడు వీటిని ఏళ్ల తరబడి గమనించాడు. అక్కడ ఒక్కో చేప తన చుట్టూ బురదతో చిన్న గట్టు కడుతుంది. పక్క చేప గట్టు, దీని గట్టు కలిసిపోయి, పైనుంచి చూస్తే నేలంతా వరి మడుల్లా గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. ఆటు వేళ నీరంతా పోయినా ఆ మడిలో కొంచెం నిలుస్తుంది. ఆ తడిలో కంటికి కనబడని డయాటమ్‌లనే నాచు జీవులు పెరుగుతాయి. చేప తల ఇటూ అటూ ఊపుతూ, కొడవలితో గడ్డి కోసినట్టు, ఆ పొరను గీకి తింటుంది. చేప అంటే వేటాడేదనుకునే పిల్లలకు ఈ సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. తన మడి తాను కాపాడుకుని, తన పంట తాను తినే చేప ఇది.

ఇక ఊపిరి సంగతి. తెలంగాణవాళ్లకు కొర్రమట్ట తెలుసు. అది రాష్ట్ర చేప కూడా. బిందెలో కొంచెం నీళ్లు పోసి వదిలితే పూటంతా బతికి ఉంటుంది. ఎందుకంటే దాని తలలో, మొప్పల పైన, గాలి పీల్చుకునే ప్రత్యేకమైన గది ఉంది. లెవ్టాకు అలాంటి గది లేదు. అది నోటి లోపలి పొరతో, గొంతుతో, ఒంటి చర్మంతో గాలిని పీలుస్తుంది. చర్మం కిందే సన్నని రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. చర్మం తడిగా ఉన్నంతసేపే ఈ పని సాగుతుంది. అందుకే అది మాటిమాటికీ పక్కకు దొర్లి బురదలో ఒళ్లు తడుపుకుంటుంది. మా పిల్లలు మొదట అది ఆడుకుంటోందనుకున్నారు. అది ఊపిరిని తడుపుకుంటోంది.

కన్ను మునిగి తేలుతుందన్నాను కదా. నీళ్లలో ఉన్న చేపకు రెప్ప వేయాల్సిన అవసరం లేదు, కన్ను ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గాలిలోకి వచ్చిన చేపకు కన్ను ఎండిపోతుంది, దుమ్ము పడుతుంది, దెబ్బ తగులుతుంది. 2023లో అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయాల వాళ్లు బ్రెట్ ఐయెల్లో నాయకత్వంలో మడ్‌స్కిప్పర్ల రెప్పపాటును వేగంగా తీసే కెమెరాలతో చిత్రించి ఒక పత్రం ప్రచురించారు. ఈ చేప కన్ను గుంటలోకి దిగుతుంది, కింద ఉన్న చర్మపు పొర పైకి వచ్చి దాన్ని కప్పుతుంది. మనం రెప్ప వేసేది ఏ మూడు పనులకో అదీ ఆ మూడు పనులకే వేస్తుంది. తడపడానికి, తుడవడానికి, కాపాడుకోవడానికి. నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం, దీనికోసం ఆ చేప ఒంట్లో కొత్త కండరమేదీ పుట్టలేదు. నీళ్లలోని చేపలకు కంటిని తిప్పడానికి ఉన్న కండరాలే కొంచెం పక్కకు జరిగి ఈ పని అందుకున్నాయి. మా నాయన సాంచా బాగు చేసేటప్పుడు కొత్త సామాను కొనేవాడు కాదు. పాత మిషన్‌లో ఉన్న పట్టీని ఇంకోచోట బిగించి పని నడిపేవాడు. ప్రకృతి పనితనం చాలాసార్లు అలాగే ఉంటుంది.

నడక చూద్దాం. లెవ్టా ముందు రెక్క మొదట్లో కండ పట్టిన చిన్న దండ లాంటి భాగం ఉంటుంది. అక్కడ ఒక కీలు, తరవాత రెక్క. మోచేయిలా వంగుతుంది. కుడి, ఎడమ రెక్కలను ఒకేసారి ముందుకు వేసి, వాటి మీద ఒంటిని లాక్కుంటుంది. చంకకర్రల సాయంతో నడిచే మనిషి రెండు కర్రలూ ఒకేసారి ముందుకు వేస్తాడు చూడండి, అచ్చం ఆ నడకే. 2016లో అమెరికా పరిశోధకులు కొందరు ఈ నడకను అనుకరించే ఒక చిన్న యంత్రాన్ని తయారు చేశారు. దానికి మడ్డీబాట్ అని పేరు పెట్టారు. ఇసుక వాలు మీద దాన్ని నడిపించి చూస్తే, ముందు రెక్కలతో పాటు తోకతో కూడా నేలను నెట్టినప్పుడే అది జారిపోకుండా పైకి ఎక్కగలిగింది. నేల మీదికి మొట్టమొదట ఎక్కిన జంతువులకు కూడా తోక అంతే ముఖ్యమై ఉండవచ్చని వాళ్లు అన్నారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. లెవ్టా మన తాత కాదు. బడిలో పిల్లలు ప్రతిసారీ ఈ పొరపాటే పడతారు. మన పూర్వీకుల చేపలు వేరే శాఖవి. వాటి రెక్కల్లో మన భుజం ఎముకకు, ముంజేతి ఎముకలకు సరిపోయే గట్టి ఎముకలుండేవి. ఆ దారిలో నడిచిన ఒక జీవి శిలాజం 2004లో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో దొరికింది. దాని పేరు టిక్టాలిక్. నీల్ షూబిన్, టెడ్ డేష్లర్, ఫారిష్ జెంకిన్స్ 2006లో దాన్ని లోకానికి చూపించారు. వయసు దాదాపు 37.5 కోట్ల సంవత్సరాలు. చేపలా పొలుసులూ రెక్కలూ ఉన్నాయి, కానీ ఆ రెక్క లోపల మణికట్టు లాంటి ఎముకలున్నాయి, తలను ఇటూ అటూ తిప్పగల మెడ ఉంది. లెవ్టా పూర్వీకులు అంతకు ఎన్నో యుగాల తరవాత, వేరే కుటుంబంలో, వేరే రెక్కతో, అదే పరీక్షకు కూర్చున్నారు. అందుకే శాస్త్రజ్ఞులకు ఇది విలువైనది. టిక్టాలిక్ రాయిలో ఉంది, దాన్ని నడిపించి చూడలేం. లెవ్టా మన కళ్ల ముందు నడుస్తుంది.

మరి మన చెయ్యి ఎలా వచ్చింది? దీనికి జవాబు వెతికే శాస్త్రం పిండంలోకి చూస్తుంది. తల్లి కడుపులో పిండం ఎదిగేటప్పుడు ఏ చోట ఏ అవయవం రావాలో చెప్పే జన్యువులు కొన్ని ఉన్నాయి. వాటిని హాక్స్ జన్యువులంటారు. సూరత్‌లో ఉన్న తెలుగువాళ్లకు దీన్ని చెప్పడం నాకు కష్టం కాదు. జకార్డు మగ్గం చూసినవాళ్లకు చిల్లుల అట్టలు తెలుసు. ఆ అట్టలో దారం ఉండదు, రంగు ఉండదు. ఏ దారం ఎప్పుడు పైకి లేవాలో మాత్రమే ఉంటుంది. అదే అట్టల వరస మీద పట్టు వేస్తే పట్టుచీర వస్తుంది, నైలాన్ వేస్తే నైలాన్ చీర వస్తుంది. అంచు పువ్వు మాత్రం అదే. హాక్స్ జన్యువులు అలాంటి అట్టలు. చేపలోనూ ఉన్నాయి, ఎలుకలోనూ ఉన్నాయి, మనలోనూ ఉన్నాయి.

వీటిలో పదమూడో నంబరువి అవయవం చివరి కొసకు సంబంధించినవి. ఎలుకలో పదమూడో నంబరు జన్యువులు రెండింటిని తీసేస్తే దానికి వేళ్లు రావని 1996లో ఫ్రాన్స్‌లో చూపించారు. చేపకు వేళ్లు లేవు కదా, మరి దానికి ఆ జన్యువులు ఎందుకు? షికాగోలో షూబిన్ బృందంలోనే తెత్సుయా నకమురా, ఆండ్రూ గెర్కీ అనే ఇద్దరు జీబ్రా చేప అనే చిన్న అక్వేరియం చేపలో ఆ జన్యువులను తీసేసి చూశారు. రెక్క చివర విసనకర్ర ఊచల్లా ఉండే పుల్లలు పోయాయి. రెక్క మొదట్లో ఉండే చిన్న ఎముకల సంఖ్య మాత్రం పెరిగింది. 2016లో ఆ పత్రం నేచర్ పత్రికలో వచ్చింది. చేప రెక్కలో ఊచలు రావడానికి, మన చేతికి వేళ్లు రావడానికి పిండంలో ఒకే ఆజ్ఞ పని చేస్తోందన్నమాట. ఆ పత్రం చదివిన రోజు మా నాయన మాట నాకు మళ్లీ వినబడింది.

ఇది ఆస్పత్రి దాకా వచ్చే విషయం కూడా. కొందరు పిల్లలు వేళ్లు కలిసిపోయి, వాటి మధ్య ఇంకో వేలు ఇరుక్కుని పుడతారు. కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా ఇది వస్తుంది. హాక్స్ డి 13 అనే జన్యువులో చిన్న పొడిగింపు ఉండటం వల్ల ఇలా జరుగుతుందని కూడా 1996లోనే తేలింది. మన పల్లెల్లో అలాంటి బిడ్డ పుడితే తల్లిని అడుగుతారు, గ్రహణం చూశావా, కత్తి పట్టావా అని. ఆ తల్లి జీవితమంతా ఆ నింద మోస్తుంది. చేప రెక్క మీద జరిగిన పరిశోధన ఆ తల్లి మీదనుంచి ఆ నిందను దించగలదు. నేను మా బస్తీలో ఈ మాట చెప్పినప్పుడు ఒక పెద్దమ్మ ఏమీ మాట్లాడకుండా చాలాసేపు కూర్చుంది. తరవాత తన మనవరాలిని దగ్గరికి పిలిచి ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

ఇప్పుడు డుమస్ బురద మీదికి మళ్లీ వద్దాం. అక్కడ లెవ్టా ఒక్కటే ఉండదు. పక్కనే బొరియల ముందు చిన్న ఎండ్రకాయలుంటాయి, కోస్తావాళ్లు పీతలంటారు. మగదానికి ఒక డెక్క ఒంటికన్నా పెద్దది. మనిషి నీడ పడగానే చేపా గెంతుతుంది, ఎండ్రకాయా పరుగెడుతుంది. రెండూ అదే క్షణంలో, అదే బురద మీద. కానీ ఆ గెంతుకు, ఆ పరుగుకు కావలసిన శక్తి రెండింటి కండరాల్లో రెండు వేర్వేరు డబ్బాల్లో దాచి ఉంటుంది. ఆ తేడా బయటపడటానికి మూలమైన పని చేసినవాడు మన తెలుగువాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర చేరి, రక్తంలో, కండరంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1925లో వచ్చిన ఆ పద్ధతి ఇప్పటికీ ఫిస్కే సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే జీవరసాయన పుస్తకాల్లో ఉంది. ద్రావణం నీలం రంగుకు మారుతుంది. నీలం ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఆ నీలం ఒక నమూనాలో ఉండాల్సినంత వేగంగా రాకుండా మెల్లమెల్లగా వస్తోందని వాళ్లు గమనించారు. ఇంకొకరైతే రసాయనం పాతబడిందనుకుని పారబోసేవారు. వీళ్లు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో అప్పటిదాకా ఎవరికీ తెలియని ఒక పదార్థం ఉందని, అది నెమ్మదిగా విడిపోతూ భాస్వరాన్ని వదులుతోందని 1927లో తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, కండరం శక్తిని దాచుకునే డబ్బా. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా దీన్ని చూసి ఫాస్ఫాజెన్ అన్నారు. అంతకుముందు కండరపు శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమనే సిద్ధాంతానికి 1922 నోబెల్ బహుమతి ఇచ్చి ఉన్నారు. ఆ సిద్ధాంతం ఈ దెబ్బతో కదిలిపోయింది. 1929లో ఫిస్కే, సుబ్బారావు కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కూడా వేరు చేశారు. జర్మనీలో లోమన్ అదే సమయంలో విడిగా చేశాడు.

ఫాస్ఫోక్రియాటిన్ బయటపడిన మరుసటి ఏడాది, అంటే 1928లో, ఎండ్రకాయల జాతి కండరంలో వెతికితే ఫాస్ఫోక్రియాటిన్ దొరకలేదు. దాని బదులు ఫాస్ఫోఆర్జినిన్ ఉంది. వెన్నెముక ఉన్నవాటికి ఒకటి, లేనివాటికి ఇంకొకటి అన్నట్టు కనబడింది. మరి గీత ఎక్కడ గీయాలి? కేంబ్రిడ్జిలో జోసెఫ్ నీడం, డొరతీ నీడం, ఎర్నెస్ట్ బాల్డ్విన్, జాన్ యుడ్కిన్ సముద్ర జంతువులను వరసపెట్టి పరీక్షించారు. 1932లో వాళ్లు రాసిన పత్రంలో సముద్రపు ముళ్లకాయలోనూ, బెలనోగ్లాసస్‌లోనూ రెండు పదార్థాలూ ఉన్నాయని తేలింది. బైపీసీ చదివినవాళ్లకు బెలనోగ్లాసస్ గుర్తుండే ఉంటుంది, బురదలో ఉండే మెత్తని పురుగు. చూస్తే వానపాములా ఉంటుంది. కానీ కండరంలోని రసాయనం మాత్రం, నేను మీవైపు చుట్టాన్ని అంటోంది.

పిండాలు చూసినవాళ్లు అప్పటికే ఆ మాట అంటున్నారు. ముళ్లకాయ పిండంలో, మన పిండంలో మొదట పడే రంధ్రం నోరు కాదు, వెనక ద్వారం. నోరు తరవాత వస్తుంది. ఎండ్రకాయ, నత్త, వానపాము వేరే పద్ధతిలో ఎదిగే శాఖలవి. తరవాతి కాలంలో కొన్ని సముద్రపు పురుగుల్లోనూ ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది కాబట్టి 1932 నాటి గీత అంత నిటారుగా లేదని తెలిసింది. కానీ ముళ్లకాయా, బెలనోగ్లాససూ మన శాఖకు దగ్గరివేననే మాటను డీఎన్‌ఏ కూడా బలపరిచింది. భీమవరం కుర్రాడు గాజుగొట్టంలో చూసిన నీలం రంగు ఆలస్యం, అయిదేళ్లలో, మన వంశవృక్షం కొమ్మ ఎటు వంగిందో చెప్పే సాక్ష్యాల్లో ఒకటయింది.

అదే పదార్థం ఆస్పత్రిలోనూ పనికొచ్చింది. ఫాస్ఫోక్రియాటిన్‌ను తయారు చేసే, విడగొట్టే ఎంజైమును క్రియాటిన్ కైనేజ్ అంటారు. ఛాతీలో నొప్పి అని పోతే డాక్టరు సీపీకే రాసేవాడు, పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గుండె కండరం చచ్చిపోతే ఆ ఎంజైము రక్తంలోకి కారుతుంది, దాన్ని బట్టి గుండెపోటు గుర్తించేవాళ్లు. ఇప్పుడు ఆ చోటును చాలావరకు ట్రోపోనిన్ పరీక్ష తీసుకుంది. మా నాయన గుండె రిపోర్టులో కూడా సీపీకే అంకె ఉంది. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది.

ఇక లెవ్టా చుట్టాల జన్యుపటం. 2014లో చైనా పరిశోధకులు నాలుగు రకాల మడ్‌స్కిప్పర్ల జన్యుపటాలను మొత్తంగా చదివి ప్రచురించారు. ఒంట్లోకి చొరబడే సూక్ష్మజీవులను గుర్తుపట్టే కాపలా జన్యువులు కొన్ని వీటిలో ఎక్కువ ప్రతులుగా పెరిగి ఉన్నాయి. నేల మీదికి వస్తే కొత్త క్రిములు ఎదురవుతాయి మరి. ఇలాంటి పుట్టుకతో వచ్చే కాపలా ఉందని మొదట చూసింది కూడా సముద్ర జీవిలోనే. 1882లో ఇటలీలోని మెస్సీనా తీరంలో మెచ్నికాఫ్ నక్షత్రచేప పిల్లలో ఒక ముల్లు గుచ్చి, తెల్లారి సూక్ష్మదర్శినిలో చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఆయనకు 1908లో నోబెల్ వచ్చింది.

అదే జన్యుపటంలో కనబడిన ఇంకో సంగతి అమ్మోనియా. మాంసకృత్తులు అరిగినప్పుడు ఒంట్లో అమ్మోనియా తయారవుతుంది. అది విషం. చేపలు దాన్ని మొప్పల గుండా నీళ్లలోకి వదిలేస్తాయి. మనకు కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. కాలేయం చెడిపోయిన రోగికి ఆ అమ్మోనియా రక్తంలో పేరుకుని మెదడుకు చేరుతుంది. మనిషి తికమకపడతాడు, పగలు నిద్రపోతాడు, చేతులు రెపరెపలాడతాయి, చివరికి స్పృహ తప్పుతాడు. తాగుడుతో కాలేయం పాడైనవాళ్లను చూసిన ఇళ్లల్లో ఈ సంగతి తెలుసు. లెవ్టా చుట్టాలు నీళ్లు లేని చోట గంటల తరబడి ఉంటాయి, అమ్మోనియాను వదలడానికి చోటుండదు. అయినా తట్టుకుంటాయి. సింగపూర్‌లో యుయెన్ ఇప్ బృందం పెద్ద మడ్‌స్కిప్పర్ మీద చాలా ఏళ్లు పని చేసింది. బయట అమ్మోనియా ఎక్కువ ఉన్నప్పుడు కూడా ఆ చేప తన మొప్పలతో దాన్ని ఎదురు తోసి బయటికి పంపగలదని చూపించింది. అమ్మోనియా పెరిగినా ఆ చేప మెదడు ఎలా నిలదొక్కుకుంటుందో కూడా వాళ్లు పరీక్షించారు. ఇక్కడినుంచి మందుల షాపు దాకా దారి చాలా దూరం. కానీ ఏ రోగానికైనా మొదట తెలియవలసింది, అది లేకుండా బతికే జీవి ఎలా బతుకుతోందన్నది.

ఇంత విద్య దాగి ఉన్న ఆ బురదను మన కాగితాల్లో ఏమంటారో తెలుసా? ఖార్ జమీన్. ఉప్పునేల. బీడు కింద లెక్క. వరి పండదు, ఇల్లు కట్టలేం. కాబట్టి ఖాళీ. ఖాళీ కాబట్టి నింపవచ్చు, తవ్వవచ్చు, రొయ్యల చెరువు చేయవచ్చు, వ్యర్థం వదలవచ్చు. నేను రొయ్యల రైతుకు వ్యతిరేకిని కాను, ఫ్యాక్టరీలో అన్నం తినే కుటుంబాల మధ్యనే పెరిగాను. కానీ ఆ నేలను ఖాళీ అనే మాట నాకు బాధ కలిగిస్తుంది. నేను పిల్లలతో వెళ్లే ఒక చోట పదేళ్ల కిందట అడుగడుక్కీ లెవ్టా బొరియలుండేవి. ఇప్పుడు అక్కడ మట్టి పోసి చదును చేశారు. లెవ్టా పట్టే ఆడవాళ్లు, బొరియలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చేపను తీసేవాళ్లు, ఇంకా దూరం నడుస్తున్నారు.

వాళ్ల దగ్గర ఉన్న విద్య కూడా చెప్పుకోవాలి. ఏ బొరియ చేపది, ఏది ఎండ్రకాయది, ఏది పాముది, నోరు చూసి చెబుతారు. మన తెలుగు తీరంలోనూ ఇలాంటివాళ్ల మాటే శాస్త్రానికి మొదటి పుస్తకమయింది. 1803లో లండన్‌లో పాట్రిక్ రస్సెల్ అచ్చువేసిన విశాఖపట్నం చేపల పుస్తకంలో రెండు వందల చేపలున్నాయి. వాటిని ఆయన అక్కడి జాలరులు చెప్పిన తెలుగు పేర్లతోనే నమోదు చేశాడు. తరవాత యూరప్ పండితులు శాస్త్రీయ నామాలు పెట్టేటప్పుడు ఆ పుస్తకాన్నే తిరగేశారు. సూరత్‌లో వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంలో జలజీవశాస్త్ర విభాగం ఉంది. మా బడి పిల్లల్లో ఒకరు అక్కడ చేరాలని, లెవ్టా పట్టే ఆ తల్లుల పక్కన కూర్చుని వాళ్ల మాటలు రాసుకోవాలని నా ఆశ.

మొన్న డుమస్‌లో ఐదో తరగతి పాప ఒకతె అడిగింది, "సార్, రాత్రి నీళ్లొచ్చి బొరియ మునిగితే గుడ్లు చచ్చిపోవా?" అని. మంచి ప్రశ్న. బురద లోపల ప్రాణవాయువు దాదాపు ఉండదు. గుడ్లు మాత్రం అక్కడే పెట్టాలి. దీనికి జవాబు జపాన్‌లో అత్సుషి ఇషిమత్సు బృందం కనుక్కుంది. 1998లో ఒకసారి, 2007లో ఇంకోసారి వాళ్ల పత్రాలు వచ్చాయి. బొరియ లోపల ఒక గది పైకప్పు కింద గాలి నిలవ ఉంటుంది. గుడ్లు ఆ కప్పుకు అంటుకుని ఉంటాయి. తండ్రి చేప బయటికి వచ్చి నోటి నిండా గాలి పుక్కిలిపట్టి, నీళ్లలోంచి ఈది కిందికి పోయి, ఆ గదిలో వదులుతుంది. మళ్లీ పైకి వస్తుంది, మళ్లీ పుక్కిలి. రోజుల తరబడి ఇదే పని.

గుడ్లు పక్వానికి వచ్చిన రాత్రి, పోటు ఎక్కుతున్న వేళ, అదే తండ్రి పని తలకిందులు చేస్తుంది. గదిలోకి పోయి నోటి నిండా గాలి తీసుకుని బయటికి తెచ్చి వదిలేస్తుంది. ఇన్నాళ్లూ ఒక్కో పుక్కిలిగా దాచినదాన్ని ఒక్కో పుక్కిలిగా ఖాళీ చేస్తుంది. గాలి పోయిన చోటికి నీరు ఎక్కుతుంది. గుడ్లు మునుగుతాయి. మునగగానే పగులుతాయి. పిల్లలు పోటు నీటిలో కలిసిపోతాయి.

ఈ సంగతి చెప్పి నేను ఆగగానే ఆ పాప బొరియ ముందు మోకాళ్ల మీద కూర్చుని, లోపలికి వంగి చూసింది. గట్టిగా మాట్లాడకండని పక్కనున్న పిల్లలకు వేలు చూపించింది. నీరు అప్పటికి మా చెప్పుల దాకా వచ్చింది.